'కమ్ ఇల్ ఫో'కి తెలుగులో ఒక్క మాట కావాలి

మందారమాల:
అందరికీ నమస్కారం. ఒక చిన్న పత్రిక కోసం టాల్‌స్టాయ్ 'యౌవనం'లోంచి ఒక అధ్యాయం తెలుగు చేస్తున్నాను. 1857లో వచ్చిన నవల. ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని, రష్యన్ వచ్చిన స్నేహితురాలి సాయంతో నడిపిస్తున్నాను. అంతా బాగానే సాగింది గానీ, 31వ అధ్యాయం పేరు దగ్గరే పది రోజులుగా ఆగిపోయాను. రష్యన్ నవలలో ఆ అధ్యాయానికి ఫ్రెంచి పేరు: 'కమ్ ఇల్ ఫో'. 'ఎలా ఉండాలో అలా' అని దాని అర్థం. నలుగురిలో తగినట్టుగా మసలుకోవడం అన్నమాట.

కథ చెప్పే నికోలెంకాకి అప్పుడు పదహారేళ్ళు. కొత్తగా యూనివర్సిటీలో చేరాడు. వాడి దృష్టిలో లోకంలో రెండే జాతులు: కమ్ ఇల్ ఫో అయినవాళ్ళు, కానివాళ్ళు. అయినవాళ్ళ లక్షణాలు కూడా వాడే చెప్తాడు. ఫ్రెంచి బాగా రావాలి, ముఖ్యంగా ఉచ్చారణ కుదరాలి. గోళ్ళు పొడుగ్గా, శుభ్రంగా ఉండాలి. వంగి నమస్కరించడం, నాట్యం చేయడం, సంభాషణ నడపడం తెలియాలి. వీటన్నిటికన్నా ముఖ్యంగా, దేని మీదా ఆసక్తి లేనట్టు, అన్నిటికీ విసుగొచ్చినట్టు మొహం పెట్టాలి. ఆ గోళ్ళ కోసం కత్తెరతో తన వేళ్ళ మాంసం తనే కోసుకున్నానని చెప్పే చోట నాకు కళ్ళు చెమర్చాయి. మనింట్లో ఆ వయసు పిల్లలు అద్దం ముందు పడే బాధంతా గుర్తొచ్చింది.

'మర్యాద' అని రాసి కొట్టేశాను. 'సభ్యత' అని రాసి కొట్టేశాను. 'పెద్దమనిషి తరహా' అంటే నడివయసువాడు కనిపిస్తున్నాడు, కుర్రాడు కనిపించడం లేదు. ఒక్క మాట చెప్పండి, ప్లీజ్.

నిఘంటువు:
అమ్మా, మంచి ప్రశ్న వేశారు. ముందు ఆ మాట లోపల ఏముందో చూద్దాం. 'కమ్' అంటే లాగా. 'ఫో' అనేది 'ఫలువార్' అనే క్రియకి రూపం, కావలసి ఉండటం అని అర్థం. మధ్యలోని 'ఇల్'కి మామూలుగా 'అతడు' అని అర్థం, కానీ ఇక్కడ అతడెవరూ లేడు. వాన పడుతోందనడానికి ఫ్రెంచివాళ్ళు 'ఇల్ ప్లె' అంటారు. అక్కడా 'ఇల్' ఉంది, కురిపించేవాడు లేడు. అలాగే ఇక్కడ 'ఉండాలి' అనే శాసనం ఉంది, శాసించినవాడు లేడు. క్రియ చివర వచ్చే మన 'ఆలి'కి కూడా సరిగ్గా ఇదే గుణం ఉంది. 'పెద్దలొస్తే లేచి నిలబడాలి' అంటాం. ఎవరు నిలబడమన్నారు అని పిల్లాడు అడిగితే మన దగ్గర జవాబుండదు. నిలబడాలి, అంతే.

ఇక మన మాటలు. 'మర్యాద' సంస్కృతం, హద్దు అని అసలు అర్థం. సముద్రానికి మర్యాద ఉంది, దాటదు అంటారు. ఆ గట్టుకే తెలుగులో చెలియలికట్ట అని అందమైన పేరుంది. 'పద్ధతి' అంటే నడిచి నడిచి పడిన దారి. 'ఔచిత్యం' అంటే తగి ఉండటం. హద్దు, దారి, తగడం: మూడూ మూడు వేరే బొమ్మలు. మీ నికోలెంకా హద్దు గురించి గానీ దారి గురించి గానీ ఆలోచించడం లేదు. తను ఎలా కనిపిస్తున్నాడో అదే ఆలోచన వాడికి. అందుకే 'మర్యాద' అతకలేదు.

చార్మినార్ చౌరస్తా:
మా హైదరాబాద్‌లో అయితే 'తమీజ్' అంటాం అక్కా. 'తమీజ్ లేదా?' అని మా నానమ్మ అడిగితే ఇంట్లో అందరం గప్‌చుప్. ఉర్దూ నుంచి వచ్చినా ఇప్పుడు మా తెలుగే అది. ఇంకా పై మాట కావాలంటే 'తహజీబ్' ఉంది. కానీ దాంట్లో మనిషి కన్నా ఊరు కనిపిస్తది: మాట తీరు, దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) ముందు కూర్చునే తీరు, 'మీరు ముందు' అంటే 'లేదు, మీరు ముందు' అనే తీరు. మీ పిల్లగానికి తహజీబ్ పెద్దదైతది. తమీజ్‌కేమో గోళ్ళతో సంబంధం లేదు.

వోల్గా తీరం:
అక్కా, నేను రష్యాలో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. మీ మాట ఇక్కడ ఇప్పటికీ బతికే ఉంది! ఫ్రెంచి మాటలా కాదు, కలిపేసి 'కమిల్‌ఫో' అని రష్యన్ లిపిలోనే రాస్తారు. ఆ పేరుతో చాక్లెట్లు కూడా చూశాను. కానీ మామూలు మాటల్లో దాదాపు ఎప్పుడూ 'కాదు' చేర్చే వాడతారు. 'అది కమిల్‌ఫో కాదు' అంటారు. 'ఆయన చాలా కమిల్‌ఫో' అని ఎవరైనా అనగా నేను వినలేదు.

నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మొదటి సంవత్సరం మార్చి 8న, మహిళా దినోత్సవానికి, మాకు రష్యన్ నేర్పే మేడమ్‌కి పువ్వులు ఇద్దామని మా బ్యాచ్ అంతా డబ్బులేసుకున్నాం. మార్చి ఎనిమిది కదా అని ఎనిమిది తులిప్‌లు కొన్నాం. ఐడియా నాదే. మేడమ్ గుత్తి తీసుకుని నవ్వారు, థాంక్స్ చెప్పారు, ఒక్క క్షణం చూపు పువ్వుల మీద ఆగింది. తర్వాత మెల్లగా ఒక తులిప్ బయటికి లాగి, మా క్లాస్‌లో ముందు బెంచీ మీద కూర్చున్న గుంటూరమ్మాయి చేతిలో పెట్టి 'నీకు కూడా పండగే' అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. సాయంత్రం హాస్టల్‌లో రష్యన్ ఫ్రెండ్ చెప్పాడు: ఇక్కడ సరి సంఖ్యలో పువ్వులు చావుకే పట్టుకెళ్తారట. బతికున్న మనిషికి బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. మనమేమో శుభకార్యానికి నూట పదహార్లు చదివిస్తాం, అది సరి సంఖ్యే కదా! ఇప్పటికీ ఆ తులిప్ గుర్తొస్తే మేడమ్ మీద గౌరవం పొంగుతుంది. మేం తప్పు చేశామని మాకే తెలియకుండా తప్పు సరిచేశారు.

ఇలాంటివి ఇక్కడ చాలా ఉన్నాయి. గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు. థియేటర్‌లోకి గానీ క్లాస్‌లోకి గానీ చలికోటుతో వెళ్ళకూడదు, కింద గార్దెరోబ్‌లో ఇచ్చి నంబరు బిళ్ళ తీసుకోవాలి. టీచర్‌ని 'మేడమ్' అనకూడదు, పేరుతో పాటు వాళ్ళ నాన్న పేరు కూడా కలిపి పిలవాలి. మన 'నువ్వు', 'మీరు' లాగా వీళ్ళకీ 'తి', 'వి' ఉన్నాయి కాబట్టి అది మాత్రం మనవాళ్ళకి తొందరగా పట్టుబడుతుంది.

మందారమాల:
తమ్ముడూ, ఆ తులిప్ సంగతి చదివాక మీ మేడమ్‌కి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. నికోలెంకా కొలబద్దతో చూస్తే మీ బ్యాచ్ మొత్తం 'కానివాళ్ళ' జాతిలో పడిపోయేది. ఆవిడ కొలబద్ద వేరు.

'కాదు'తోనే వాడతారన్న ముక్క నాకు చాలా పనికొచ్చేట్టుంది. ఆలోచిస్తాను.

వోల్గా తీరం:
ఇంకొకటి అక్కా. ఆ మేడమే చెప్పారు, ఈ మాటకి మీ కష్టం రష్యన్ కవి పుష్కిన్ కూడా పడ్డాడట. 'యెవ్గేనీ అనేగిన్' ఎనిమిదో అధ్యాయంలో, ఒకప్పటి పల్లెటూరి పిల్ల తత్యానా ఇప్పుడు పెద్దింటి ఇల్లాలై సభలోకి నడిచొస్తుంది. హడావుడి లేదు, గొప్పలు లేవు, నిదానంగా వస్తుంది. ఆమెని వర్ణిస్తూ ఈ ఫ్రెంచి మాట ఫ్రెంచి అక్షరాల్లోనే వేసేసి, పక్కనే బ్రాకెట్లో 'షిష్కోవ్, క్షమించు, దీన్ని ఎలా అనువదించాలో నాకు తెలియదు' అని రాశాడు. పద్యంలోనే!

నిఘంటువు:
బాబూ, బతికించావు. ఆ షిష్కోవ్ ఎవరో కూడా చెప్పాలి. నౌకాదళంలో అడ్మిరల్. రష్యన్‌లోకి ఫ్రెంచి మాటలు వచ్చి పడుతుంటే ఓర్చుకోలేక, ప్రతిదానికీ స్లావ్ మూలాల్లోంచి మాట పుట్టించాలని పట్టుబట్టినవాడు. రష్యన్ అకాడమీకి అధ్యక్షుడు కూడా. మన గ్రాంథిక వ్యావహారిక వాదాల కాలం నాటి గొడవలు చదివినవాళ్ళకి ఆయన పరిచయస్తుడిలాగే ఉంటాడు. పుష్కిన్ ఆ పెద్దాయన్ని ప్రేమగానే పలకరించాడని నా అభిప్రాయం. అమ్మా, ఎనిమిదో అధ్యాయం 1832లో అచ్చయింది. పాతికేళ్ళు తిరిగేసరికి అదే మాట టాల్‌స్టాయ్ చేతిలో ఒక కుర్రాడి జబ్బు అయింది. తత్యానా విషయంలో అది హుందాతనం, నికోలెంకా విషయంలో వేషం. ఒకే మాటకి రెండు అనువాదాలు కావాల్సి వస్తుందేమో చూడండి.

తెర వెనక:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. నేను నాటకాల మనిషిని. ఈ చర్చలో రావాల్సిన ఇంకో ఫ్రెంచి మాట ఉంది, 'బియాంసెయాన్స్'. దీనికి తాతలాంటిది. 'బియాఁ' అంటే బాగా, 'సెయాఁ' అంటే కుదురుకున్నది. కుర్చీలో కుదురుగా కూర్చోవడానికీ, ఒంటికి బట్ట కుదరడానికీ వాళ్ళకి మూలం ఒకే క్రియ. మనం 'ఆ చీర నీకు కుదిరింది' అన్నట్టు.

17వ శతాబ్దంలో ఫ్రెంచి నాటకాన్ని ఏలిన నియమం ఇది. ప్రేక్షకుడి మనసు నొచ్చుకునేది స్టేజీ మీద జరక్కూడదు. కత్తులు దూసుకోవచ్చు గానీ పొడుచుకోవడం తెర వెనకే. ఎవరో ఒకరు పరుగున వచ్చి జరిగింది చెప్తారు. రసీన్ 1677లో రాసిన 'ఫేద్ర్'లో రాకుమారుడు ఇప్పొలీత్‌ని సముద్రపు భూతం చూసి బెదిరిన గుర్రాలు రాళ్ళ మీద ఈడ్చి చంపుతాయి. మనకి కనిపించేది మాత్రం చెప్పడానికొచ్చిన గురువు తెరమెన్ ఒక్కడే. అతని నోటి వెంట వచ్చే ఆ దీర్ఘమైన ప్రసంగం కోసమే నటులు ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. నా వరకు, కళ్ళముందు రక్తం చూపించడం కన్నా అది పదిరెట్లు కష్టం, పదిరెట్లు గొప్ప.

మనకి ఇది కొత్త కాదు. నాట్యశాస్త్రం కూడా యుద్ధం, మరణం, రాజ్యం పోవడం, పట్టణాన్ని ముట్టడించడం అంకంలో నేరుగా చూపొద్దంది. ప్రవేశకంలో, అంటే అంకాల మధ్య వచ్చే చిన్న దృశ్యంలో, పాత్రల చేత చెప్పించమంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో 'అనౌచిత్యాదృతే నాన్యద్రసభంగస్య కారణమ్' అన్నాడు. రసం చెడిందంటే తగనిది ఏదో చేరింది, ఇంకో కారణం లేదని. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు ఈ ఒక్క మాట మీదే 'ఔచిత్య విచార చర్చ' రాశాడు. మొలనూలు మెడలో, హారం నడుముకి, అందెలు చేతులకి, కేయూరాలు (దండకడియాలు) కాళ్ళకి తొడుక్కుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి అంటాడు. నగలన్నీ బంగారమే. చోటు తప్పింది, అంతే.

సీతాకోక:
తెర వెనక గారూ, చాలా బాగా చెప్పారు. కానీ మీరు ఒక ముఖ్యమైన మనిషిని వదిలేశారు. షిమేన్!

తెలియనివాళ్ళ కోసం: కొర్నెయ్ రాసిన 'ల సీద్', 1637. షిమేన్, రొద్రీగ్ ప్రేమించుకున్నారు. షిమేన్ తండ్రి రొద్రీగ్ తండ్రిని చెంపదెబ్బ కొడతాడు. పరువు కోసం రొద్రీగ్ ఆయన్ని ద్వంద్వయుద్ధంలో చంపేస్తాడు. షిమేన్ రాజు దగ్గరికెళ్ళి, 'నా తండ్రిని చంపినవాడికి శిక్ష వేయండి' అని అడుగుతుంది. అడుగుతూనే అతన్ని ప్రేమిస్తుంది. ఎదురుపడ్డప్పుడు 'వెళ్ళు, నీ మీద నాకు ద్వేషం లేదు' అని మాత్రమే అంటుంది. ఆ ఒక్క ముక్కలో ఎంత ఉందో చూడండి. చివర్లో రాజు, 'కన్నీళ్ళు తుడుచుకోవడానికి ఒక ఏడాది తీసుకో' అని పెళ్ళికి గడువిస్తాడు.

జనం విరగబడి చూశారు. పండితులు విరుచుకుపడ్డారు. దేని మీద? చెంపదెబ్బ స్టేజీ మీద కొట్టారని కొంత. అసలు కోపమంతా ఆ అమ్మాయి మీద. తండ్రిని చంపినవాడిని ఇంట్లోకి రానిచ్చి మాట్లాడటమేంటి, సిగ్గులేని కూతురు అని సాటి నాటకకర్త స్కుదెరీ రాశాడు. రాజుగారి ముఖ్యమంత్రి రిషెల్యూ ఈ తగువుని అప్పుడే, 1635లో, పుట్టిన ఫ్రెంచి అకాడమీ ముందు పెట్టించాడు. అకాడమీ కూడా షిమేన్ నడవడి కూతురి ధర్మానికి తగదనే తేల్చింది. దేశంలోని పెద్ద పండితులంతా కూర్చుని ఒక కల్పిత పాత్రకి 'పద్ధతి లేదు' అని తీర్పు ఇచ్చారు! కొర్నెయ్ అన్నేళ్ళు గుంజాటన పడి, 1660 కూర్పులో ఆమె చివరి మాటల్ని దిద్దాడు, పెళ్ళికి ఇంకాస్త వెనకాడేట్టు.

చంపినవాడి మీద ఇంత చర్చ జరగలేదు. నాకు ఇది చదివినప్పుడు ఒళ్ళు మండింది, ఎందుకంటే నాకిది బాగా తెలిసిన కథ. మా ఇంట్లో 'పద్ధతిగా ఉండు' అనే మాట నేను రోజుకి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా అన్నయ్య ఒక్కసారి కూడా వినలేదు. గట్టిగా నవ్వితే పద్ధతి కాదు, వీధి గుమ్మంలో కూర్చుంటే పద్ధతి కాదు, మగవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడితే పద్ధతి కాదు. నిఘంటువు గారు చెప్పిన ఆ 'ఇల్', ఆ ఎవరూ లేని 'ఆలి' ఉందే, అది ఆడపిల్లకి ఎదురైనప్పుడు మాత్రం ఎవరో ఉంటారు. అత్తగారుంటారు, పక్కింటివాళ్ళుంటారు, 'నలుగురు' ఉంటారు.

నిఘంటువు:
అమ్మా సీతాకోకా, నువ్వన్నది నిజం. నేను దాన్ని వ్యాకరణంలో చూశాను, నువ్వు బతుకులో చూశావు. ఒప్పుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం చెప్పనీ. నాకు డెబ్భై దాటాయి, కాలేజీలో తెలుగు చెప్పాను. ఔచిత్యం అంటే అణచివేతే అనుకుంటే మన భాషలోని చాలా ప్రేమ కనిపించకుండా పోతుంది. మా అమ్మ ఏనాడూ బియ్యం 'అయిపోయాయి' అనలేదు. 'నిండుకున్నాయి' అనేది. ఖాళీ డబ్బా ముందు నిలబడి నిండుకున్నాయి అనే భాష మనది. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గుమ్మం దిగుతూ 'వెళ్తాను' అనం, 'వెళ్ళొస్తాను' అంటాం. షిమేన్ 'ద్వేషం లేదు' అన్నమాట కూడా ఈ జాతిదే. చెప్పలేనిదాన్ని చెప్పకుండా చెప్పడం. బళ్ళో నేర్చుకున్న సుమతీ పద్యంలో 'నొప్పింపక తా నొవ్వక' అని ఉంది చూడు. అందులో రెండు భాగాలున్నాయి. నొప్పింపకపోవడం ఒక్కటే పిల్లలకి నేర్పాం, ముఖ్యంగా ఆడపిల్లలకి. తా నొవ్వకపోవడం నేర్పలేదు. తప్పు పద్యానిది కాదు, నేర్పినవాళ్ళది. అందులో నేనూ ఉన్నాను.

సీతాకోక:
మాస్టారూ, మీరు అలా అన్నాక నేనింక వాదించలేను. 'నిండుకున్నాయి' మా అమ్మ కూడా అంటుంది. ఆ మాట మీద నాకేం కోపం లేదు, ఇష్టమే.

కోరంగి రేవు:
ఫ్రెంచి మాట వచ్చింది కాబట్టి యానాం తరఫున ఒక చిన్న పోస్టు. మాది అక్కడే. 1954 దాకా మా ఊరు ఫ్రెంచి పాలనలో ఉంది. మా తాతయ్య బళ్ళో ఫ్రెంచి చదివారు, చివరిదాకా 'మెర్సీ' అనడం మానలేదు.

ఈ 'ఎలా ఉండాలో అలా' అనేది హద్దు మారితే ఎలా మారుతుందో మా ఊరు చూసింది. బాల్యవివాహాలు వద్దని శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. అది బ్రిటిష్ ఇండియాకే. యానాం ఫ్రెంచివాళ్ళది కదా, చట్టం వర్తించదు. అంతే, చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళిళ్ళ గుంపులన్నీ మా ఊరికి బయల్దేరాయి. యానాంకి 'కల్యాణపురం' అని పేరు వచ్చింది అందుకే. చట్టం తప్పన్నా, 'నలుగురిలో బాగుండదు' అనే భయం వాళ్ళని చిన్న చిన్న పిల్లల్ని బండ్లెక్కించి హద్దు దాటించేలా చేసింది. సీతాకోక గారి 'నలుగురు' ఎంత బలమైనవాళ్ళో చెప్పడానికి ఇది చాలు.

చార్మినార్ చౌరస్తా:
ఇది నాకు తెల్వదు. చదివి చాలాసేపు అట్లనే కూర్చున్న.

చలివేంద్రం:
నేను ఇక్కడ చదువుతాను గానీ ఎప్పుడూ రాయను. ఈరోజు రాయాలనిపించింది.

మందారమాల గారూ, టాల్‌స్టాయ్ ఈ విషయాన్ని అక్కడితో వదల్లేదు. నికోలెంకా పెద్దవాడైతే ఎలా ఉంటాడో 1886లో 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'లో రాశాడు. ఇవాన్ ఇల్యీచ్ జడ్జి. తప్పులు చేయడని కాదు, చేసినా శుభ్రమైన చేతులతో, శుభ్రమైన చొక్కాలతో, ఫ్రెంచి మాటలతో చేస్తాడు. బతుకంతా సుఖంగా, సరదాగా, మర్యాదగా సాగిపోవాలి, అంతే ఆయన కోరిక. కొత్త ఇంట్లో తెరలు ఎలా వేలాడాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీంచి జారి పక్కకి దెబ్బ తగిలించుకుంటాడు. అక్కడ మొదలైన నొప్పి తగ్గదు. ఆయన చచ్చిపోతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు, కానీ ఎవరూ పైకి అనరు. అంటే బాగుండదు. తన చావుని వాళ్ళు ఒక ఇబ్బందిలా, సభలో జరిగిన అసభ్యతలా చూస్తున్నారని ఆయనకి అర్థమవుతుంది. తను జీవితమంతా కొలిచిన ఆ మర్యాదే తనని ఒంటరివాణ్ణి చేసిందని కూడా. గెరాసిం అనే పల్లెటూరి పనివాడొక్కడే అబద్ధం ఆడడు. రాత్రంతా ఆయన కాళ్ళు తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు.

నేనీ కథ మా నాన్న పోయాక చదివాను. ముందు చదివుంటే బాగుండేది.

నాన్నకి కేన్సర్ అని తెలిసినప్పుడు ఆస్పత్రిలో డాక్టర్ నన్ను బయటికి పిలిచి చెప్పారు. నేను అన్నయ్యకి చెప్పాను. ఇద్దరం కలిసి అమ్మకి సగం చెప్పాం. నాన్నకి అల్సర్ అని చెప్పాం. చుట్టాలు వరసగా వచ్చేవాళ్ళు. హార్లిక్స్, యాపిల్ పళ్ళు తెచ్చేవాళ్ళు. 'మొహం తేటగా ఉంది, పది రోజుల్లో లేచి తిరుగుతావు' అనేవాళ్ళు. ఒకరోజు నాన్న 'ఇంకెన్నాళ్ళురా?' అని అడిగారు. 'ఊరుకోండి నాన్నా, అవేం మాటలు' అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. ఆ వీపు నాకిప్పటికీ కనిపిస్తుంది.

తర్వాత మా పెద్దత్త వచ్చింది, నాన్నకి అక్క. ఊళ్ళో పొలం పని మానుకుని రెండు బస్సులు మారి వచ్చింది. చదువుకోలేదు. మంచం అంచున కూర్చుని, నాన్న పాదం ఒళ్ళో పెట్టుకుని, 'ఏరా, భయంగా ఉందా?' అంది. గదిలో ఉన్నవాళ్ళందరం ఉలిక్కిపడ్డాం. మా పిన్ని అయితే 'వదినా, అలా అడగొచ్చా' అని గుసగుసలాడింది. నాన్న 'ఉందక్కా' అన్నారు. అన్నాక వారాల తర్వాత మొదటిసారి ఆయన భుజాలు వదులయ్యాయి. ఆ సాయంత్రం ఇద్దరూ చిన్నప్పటి చెరువు గురించి, అమ్మేసిన ఎద్దుల గురించి మాట్లాడుకున్నారు. బీరువా తాళం ఎక్కడుందో, ఎవరికి ఎంత ఇవ్వాలో నాన్న చెప్పారు. మినప రొట్టె తినాలని ఉందన్నారు. పెద్దత్త మా ఇంటికెళ్ళి కాల్చి తెచ్చింది, రెండు ముక్కలు తిన్నారు.

పదహారు రోజులు బతికారు తర్వాత. పెద్దత్త కదల్లేదు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు కదా, అందరూ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ పద్ధతి మాత్రం ఎంత మంచిదో ఆరోజు తెలిసింది. ఒక్కొక్కరికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మందారమాల గారూ, మీరు అడిగిన మాట నా దగ్గర లేదు. కానీ మేమందరం పాటించింది ఏమిటో నాకు తెలుసు. మేం దాన్ని ఏనాడూ మర్యాద అనుకోలేదు, సభ్యత అనుకోలేదు. 'చెప్తే బాగుండదు' అనుకున్నాం.

సీతాకోక:
చలివేంద్రం గారూ, ఆ 'అవేం మాటలు' మీరొక్కరే అనలేదు. మా తాతయ్యతో నేనూ అన్నాను. రాసినందుకు మీకు చాలా థాంక్స్.

తెర వెనక:
మూడుసార్లు చదివాను. మీ పెద్దత్తగారికి నా నమస్కారం చెప్పండి.

మందారమాల:
రెండు రోజులు కంప్యూటర్ ముందుకి రాలేకపోయాను. చలివేంద్రం గారూ, మీ దగ్గర లేదన్న మాట మీరే ఇచ్చారు.

వోల్గా తీరం చెప్పింది, మీరు చెప్పింది పక్కపక్కన పెట్టుకుని చూశాను. రష్యన్లు ఈ మాటని 'కాదు'తోనే వాడతారు. మనమూ అంతే. 'అలా చేస్తే బాగుంటుంది' అంటే మన భాషలో సలహా. 'అలా చేస్తే బాగుండదు' అంటే చట్టం. ఎవరికి బాగుండదో చెప్పం. నిఘంటువు గారు చెప్పిన ఎవరూ లేని 'ఇల్' సరిగ్గా అక్కడుంది.

అధ్యాయానికి పేరు మాత్రం 'కమ్ ఇల్ ఫో' అనే మాటనే తెలుగు అక్షరాల్లో ఉంచేస్తున్నాను. టాల్‌స్టాయ్ దాన్ని రష్యన్ చేయలేదు, పుష్కిన్ క్షమాపణ చెప్పి వదిలేశాడు, నేనెందుకు లాక్కోవాలి? పైగా నికోలెంకాకి ఆ మాట పరాయిది కావడమే ముఖ్యం. మెచ్చుకునే చోట 'లక్షణంగా ఉన్నాడు' అని రాస్తున్నాను. మా అమ్మమ్మ పెళ్ళికొడుకుల్ని చూసొచ్చి వాడే మాట అది, బట్టలు, గోళ్ళు, నిలబడే తీరు అన్నీ అందులో పడతాయి. తప్పుపట్టే ప్రతి చోటా 'బాగుండదు'.

ఆ అధ్యాయంలో ఒక చోట వాడు అంటాడు: మాకొక అన్నో అమ్మో నాన్నో కమ్ ఇల్ ఫో కానివాళ్ళు ఉండుంటే, అది మా దురదృష్టం, కానీ వాళ్ళకీ నాకూ మధ్య ఏమీ ఉండటానికి వీల్లేదు అని. దాన్ని నిన్న రాత్రి తెలుగు చేశాను. రాస్తుంటే చెయ్యి వణికింది. తర్వాతి అధ్యాయాల్లో వాడికి మురికి గోళ్ళ పేద విద్యార్థులు పరిచయమవుతారు. వాళ్ళు తనకన్నా ఎంతో చదివినవాళ్ళని తెలుసుకుంటాడు. పరీక్ష తప్పుతాడు. ఆ భాగం కూడా చేసేస్తాను, పత్రికవాళ్ళు అడక్కపోయినా.

నిఘంటువు:
'లక్షణంగా' బ్రహ్మాండంగా కుదిరింది అమ్మా. ఇన్ని రోజులూ నాకు తట్టలేదు. ప్రూఫులు నాకు పంపండి, చూసి పెడతాను.

వోల్గా తీరం:
అక్కా, మా మేడమ్‌కి ఈ చర్చ సంగతి చెప్పాను. 'బాగుండదు' అని పలకడం నేర్పించమన్నారు. ఇప్పుడు క్లాస్‌లో ఎవరైనా ఆలస్యంగా వస్తే తెలుగులో అంటున్నారు.

చలివేంద్రం:
మందారమాల గారూ, అచ్చయ్యాక ఒక కాపీ నాకు తప్పకుండా కావాలి, డబ్బు పంపుతాను. పెద్దత్తకి చదివి వినిపించాలి. ఆవిడకి ఇప్పుడు చూపు ఆనడం లేదు, కథలు చెప్పించుకుంటుంది.